నా బతుకు నాది, నడుమ సర్కారు ఎందుకు?

2024 అక్టోబరు 30న తెలంగాణ ప్రభుత్వం పచ్చిగుడ్డుతో చేసే మయోనీజ్‌ను ఏడాదిపాటు నిషేధించింది. మరుసటి ఏడాది ఆగస్టులో, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను ఆపేస్తూ కేంద్రం చట్టం తెచ్చింది. రెండింటి మీదా జనం మాట్లాడుకున్న తీరు ఒకటే. కొందరు "మంచి పని, ఎప్పుడో చేయాల్సింది" అన్నారు. ఇంకొందరు "తినేది నేను, పైసలు నావి, పోతే పోయేది నా ప్రాణం. నడుమ సర్కారుకేం పని?" అన్నారు.

ఈ రెండో మాట వెనక పాత ఆలోచనే ఒకటి ఉంది. దాన్ని స్వేచ్ఛావాదం అంటారు, లిబర్టేరియనిజం అనే పేరుతోనూ వినే ఉంటారు. సమర్థించేవాళ్లూ, తిట్టేవాళ్లూ అదంతా ఒకే వాదం అనుకుంటారు కానీ, అందులో కనీసం మూడు వేర్వేరు వాదాలు కలగలిసి ఉన్నాయి. ఒక నియమం మీద గట్టిగా పనిచేసే వాదం ఇంకో నియమం దగ్గర తేలిపోతుంది. హెల్మెట్ దగ్గర మొదలైన మాటలు మద్దతు ధర దాకా పోయి ఎటూ తేలకుండా ఆగిపోవడానికి సగం కారణం ఇదే. ఆ మూడింటినీ విడదీసి, వరంగల్ చుట్టుపక్కల అందరికీ తెలిసిన సంగతుల మీద పెట్టి చూస్తే విషయం కొంత తేటపడుతుంది.

ఎవరు వీళ్లు, ఏం కోరతారు

ప్రభుత్వమే వద్దనేవాళ్లు వీళ్లలో చాలా కొద్దిమంది. ఎక్కువమంది కోరేది చిన్న ప్రభుత్వాన్ని. దొంగల నుంచి, దాడుల నుంచి కాపాడాలి, ఒప్పందం తప్పినవాణ్ని కోర్టుకు ఈడ్చాలి, సరిహద్దు కాయాలి. అంతకు మించి చేస్తే ఒకరి కష్టార్జితం తీసి ఇంకొకరికి పెట్టడమే అవుతుందని 1974లో అమెరికా తత్వవేత్త రాబర్ట్ నోజిక్ వాదించాడు. ఆయనంత దూరం పోకుండా బడి, రోడ్డు, పేదవాడికి కాస్త ఆసరా వరకు ఒప్పుకునేవాళ్లూ ఈ గూటిలోనే ఉన్నారు.

మన దేశంలో దీనికి దగ్గరగా వచ్చింది 1959లో పుట్టిన స్వతంత్ర పార్టీ. ఆ ఏడాది నాగపూర్ సభల్లో కాంగ్రెస్ సహకార వ్యవసాయానికి తీర్మానం చేస్తే, రైతు భూమి మీద సర్కారు చెయ్యి పడుతోందని ఎన్.జి. రంగా బయటికొచ్చి, అంతకు ముందే కాంగ్రెస్‌ను వీడిన రాజాజీతో కలిశారు. పార్టీకి మొదటి అధ్యక్షుడు రంగాయే. ప్రతిదానికీ సర్కారు అనుమతి అడగాల్సిన పాలనను ఎత్తిపొడిచే 'పర్మిట్ లైసెన్స్ రాజ్' అనే మాట రాజాజీది. 1967లో లోక్‌సభలో 44 సీట్లు గెలిచిన ఆ పార్టీ, పదేళ్లు తిరక్కముందే కనుమరుగైంది. వాళ్లు అడిగిన దాంట్లో పెద్ద ముక్కను నిజం చేసింది మాత్రం కాంగ్రెస్ ప్రధానే. 1991 జులై 24న పి.వి. నరసింహారావు ప్రభుత్వం 18 పరిశ్రమలకు తప్ప మిగతా వాటికి లైసెన్సు అక్కర్లేదని ప్రకటించింది. నర్సంపేట దగ్గరి లక్నేపల్లిలో పుట్టి వంగరలో పెరిగిన పీవీ స్వేచ్ఛావాది ఏమీ కాదు. ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు భూపరిమితి కోసం పట్టుబట్టి కుర్చీకే ముప్పు తెచ్చుకున్న మనిషి. ఫ్యాక్టరీ దగ్గర సర్కారును వెనక్కి జరిపినవారే భూమి దగ్గర ముందుకు నెట్టారు.

మొదటి వాదం: నా తల, నా హెల్మెట్

ఇది హక్కు వాదం. గీత గీసింది ఇంగ్లండ్ ఆలోచనాపరుడు జాన్ స్టువర్ట్ మిల్, 1859లో. ఎదిగిన మనిషిని బలవంతంగా ఆపాలంటే అతని వల్ల వేరేవాళ్లకు హాని జరుగుతుండాలి. అతని మంచి కోసమేనన్న కారణం చాలదు. నచ్చజెప్పొచ్చు, బతిమాలొచ్చు, ముఖం మీదే తిట్టొచ్చు. శిక్ష వేయడానికి మాత్రం వీల్లేదు.

ఒక బండి మీద నాలుగు చలాన్లు ఉన్నాయనుకుందాం. తాగి నడిపినందుకు ఒకటి, రాంగ్ రూట్‌కు ఒకటి, పిల్లాడికి బండి ఇచ్చినందుకు ఒకటి, హెల్మెట్ లేనందుకు ఒకటి. అన్నీ ఫోన్‌కు ఒకే రకంగా మెసేజ్ వస్తాయి. మిల్ లెక్కలో మొదటి రెండూ ఖాయం, ఎదుటివాడి ప్రాణం మీదికి తెచ్చేవి కాబట్టి. మూడోదీ సరే, తన సూత్రం పిల్లలకు వర్తించదని ఆయనే చెప్పాడు. నాలుగోది మాత్రం కొట్టేయాలి. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ హెల్మెట్ పెట్టుకోమన్నది నడిపేవాడి తల కోసమే కదా.

ఇక్కడ ఎవరైనా వేసే ఎదురు ప్రశ్న వరంగల్‌లోని ఎంజీఎం సర్కారు ఆస్పత్రి. తల పగిలినవాణ్ని అక్కడికే తీసుకుపోతారు. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరు నుంచి 10 లక్షలు. ఆ ఖర్చు అందరిదీ అయినప్పుడు తల ఒక్కడిదే ఎట్లా అవుతుంది? దీనికి స్వేచ్ఛావాది జవాబు కాస్త ఆలోచింపజేస్తుంది. ఖర్చు మాది కాబట్టి మాట మాది అనే లెక్క మొదలుపెడితే అది ఎక్కడ ఆగాలి? షుగర్ ఉన్నవాడు జిలేబి తిన్నా, బీడీ తాగేవాడు తన ఇంట్లో తాగినా బిల్లు అందరి మీదే పడుతుంది. ఉచిత వైద్యం ఇచ్చి, దాన్ని చూపించి మనిషి పళ్లెంలోకి తొంగిచూస్తారా అని అడుగుతాడు. హెల్మెట్ వద్దన్నవాడు ఉచిత వైద్యం వదులుకుంటానని రాసిస్తే సరిపోతుంది కదా అనేవాళ్లూ ఉన్నారు. అది చెప్పడానికి బాగానే ఉంటుంది. రక్తం కారుతూ వచ్చినవాణ్ని కాగితం చూసి వెనక్కి పంపే క్యాజువాలిటీ ఎక్కడా ఉండదు, ఉండకూడదు కూడా.

నా మటుకు నాకు హెల్మెట్ నియమం తీసుకునే స్వేచ్ఛ చాలా చిన్నది, కాపాడేది చాలా పెద్దది అనిపిస్తుంది. అయినా 'ఖర్చు మాది, మాట మాది' అనే కారణం మీద దాన్ని నిలబెట్టడం సరికాదు. ఆ కారణం హెల్మెట్ దగ్గర ఆగదు.

మిల్ గీతకు ఇంకో చిక్కు ఉంది. హాని అంటే ఎంత? గణేశ్ ఊరేగింపులో డీజే పెడితే పెట్టినవాళ్లకు ఆనందం, పక్కింటి ముసలాయనకు గుండె దడ. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా మైకులు వద్దనే నియమం 2000 నుంచి ఉంది. దాన్ని స్వేచ్ఛావాదులు కూడా పెద్దగా తప్పుపట్టరు. సాయంత్రం ఏడింటికి పెట్టే డీజే సంగతి అడిగితే మాత్రం వాళ్లలో వాళ్లకే పడదు.

రెండో వాదం: రైతుకు తెలిసింది సచివాలయానికి ఎట్లా తెలుస్తుంది

మూడింటిలో నాకు అన్నిటికంటే బలంగా తోచేది ఇది. ఇందులో హక్కుల ఊసు లేదు, ఉన్నది తెలివిడి సంగతి. 1974లో నోబెల్ అందుకున్న ఆర్థికవేత్త ఫ్రెడరిక్ హయక్ 1945లో రాసిన ఒక వ్యాసంలో దీన్ని చెప్పాడు. ఒక దేశంలో ఎవరికి ఏం కావాలి, ఎక్కడ ఏం దొరుకుతుంది అనే సమాచారం ఒక్కచోట ఉండదు. లక్షల మంది దగ్గర ముక్కలు ముక్కలుగా ఉంటుంది. ఆ ముక్కలను కలిపేది ధర. పైన కూర్చుని పథకం వేసేవాడు ఎంత మంచివాడైనా, ఎంత చదువుకున్నా ఆ ముక్కలన్నీ అతని చేతికి రావు.

దీనికి ఉదాహరణ వెతకడానికి ఎక్కడికీ పోనక్కర్లేదు. 2020 వానాకాలంలో తెలంగాణ ప్రభుత్వం నియంత్రిత సాగు తెచ్చింది. మక్క వేయొద్దు, పత్తి, కంది పెంచండి, వరిలో సన్నాలు వేయండి అన్నారు. చెప్పిన పంట వేసినవాళ్లకే రైతుబంధు అన్న మాట కూడా వచ్చింది. ఉద్దేశం చెడ్డది కాదు. మక్కలు అప్పటికే గోదాముల్లో పేరుకుపోయాయి, సన్నబియ్యానికి గిరాకీ ఉంది. కానీ ఏ చెలకలో నీళ్లు నిలుస్తాయి, ఏ ఇంట్లో కూలికి మనిషి లేడు, ఎవరి పశువులకు మక్క చొప్పే మేత అన్నది జిల్లాల వారీ పట్టికలో ఎక్కదు. ఆ సీజన్ చివర్లో సన్నాలకు అనుకున్న ధర రాలేదని రైతులు రోడ్డెక్కారు. డిసెంబరులో ప్రభుత్వమే, ఎవరికి నచ్చిన పంట వాళ్లు వేసుకోవచ్చని చెప్పి ఆ విధానాన్ని వదిలేసింది. ఇదే సన్నాలకు 2024 వానాకాలం నుంచి క్వింటాలుకు 500 బోనస్ ఇస్తున్నారు. హయక్ శిష్యులు బోనస్‌నూ ఒప్పుకోరు, ఆ డబ్బు ఎక్కడిదని అడుగుతారు. అయినా ఫలానాది వేయి అని చెప్పడానికీ, వేస్తే ఇంత ఇస్తామని చెప్పి ఊరుకోవడానికీ తేడా ఉంది. రెండో దాంట్లో వేయాలా వద్దా అన్న నిర్ణయం రైతు చేతిలోనే ఉంటుంది.

ఇప్పుడు రెండో వైపు. ధర సమాచారాన్ని మోస్తుందనేది నిజమే, కానీ ఆలస్యంగా మోస్తుంది. మిర్చికి ఈ ఏడు ధర పలికిందని అందరూ వేస్తారు. పంట చేతికొచ్చేసరికి ధర కూలుతుంది. 2017 ఏప్రిల్‌లో ఖమ్మం యార్డులో రైతులు ఆగ్రహంతో కార్యాలయం మీద పడింది ఇట్లాంటి ఏడాదే. ఎనుమాముల యార్డుకు పొద్దున్నే పోయి చూడండి. ఆరోజు వచ్చిన సరుకులో మేలైన దానికి పాడిన ధర 'జెండా పాట'. పేపర్లో వచ్చేది ఆ ధరే. మిగతా బస్తాల దగ్గరికి వచ్చేసరికి తాలు ఉందని, రంగు తగ్గిందని, తేమ ఉందని పాట దిగుతూ పోతుంది. రైతుకు నచ్చకపోతే అమ్మకుండా వెనక్కి తీసుకుపోవచ్చు, ఎవరూ ఆపరు. కానీ ఆటో కిరాయి, హమాలీ కూలి, ఆడ్తిదారు దగ్గర ఎప్పుడో తెచ్చుకున్న అప్పు అతన్ని అక్కడే నిలబెడతాయి. కొనేవాడికి ఆగే ఓపిక ఉంది, అమ్మేవాడికి లేదు.

సరే, సర్కారు ధర ఉన్నచోట సంగతి ఎట్లా ఉంటుంది? మిర్చికి మద్దతు ధర లేదు, పత్తికి ఉంది. 2025–26 సీజన్‌కు పొడవు పింజ పత్తికి క్వింటాలుకు 8,110. అది 8 శాతం తేమ దగ్గర. పైన ఒక్కో శాతానికి ఒక శాతం, అంటే 81 రూపాయల 10 పైసలు కోత. 12 శాతం వచ్చిందంటే 7,785 రూపాయల 60 పైసలు. 12 దాటితే సీసీఐ, అంటే మద్దతు ధరకు పత్తి కొనే కేంద్ర ప్రభుత్వ సంస్థ, కొనదు. మీటరు ముల్లు పత్తిలో గుచ్చినప్పుడు 11.8 చూపిస్తే ఈ ధర, 12.3 చూపిస్తే గేటు బయట. అర శాతం తేమ తేడాకు, పక్కనే ఉన్న వ్యాపారి చెప్పిన రేటుకు దిగాలి. దాని పైన ఆ సీజన్ నుంచి కపాస్ కిసాన్ యాప్‌లో స్లాట్ బుక్ చేసుకోవాలి. స్వేచ్ఛావాది దీన్ని చూపించి, ధరను రాసిపెడితే వరుసలు, మీటర్లు, యాప్‌లు, వాటి చుట్టూ పైరవీలు తప్పవు అంటాడు. రైతు సంఘాలవాళ్లు ఇదే గేటును చూపించి, సీసీఐ లోపల కొంటున్నందుకే బయటివాడు ఆ మాత్రమైనా ఇస్తున్నాడు, అది పోతే అడుగు ఎక్కడుందో తెలీదు అంటారు. పత్తి అమ్మిన వాళ్లెవరినైనా అడగండి, రెండూ నిజమే అంటారు.

మూడో వాదం: నియమం ఎవరి జేబు నింపుతుంది

నియమాలు రాసేవాళ్లూ, అమలు చేసేవాళ్లూ మనుషులే, వాళ్లకూ సొంత లాభాలుంటాయి అనేది మూడో వాదం. జనాన్ని కాపాడటానికని పెట్టిన నియంత్రణ చాలాసార్లు ఆ రంగంలో అప్పటికే పాతుకుపోయిన వాళ్లకే కంచెగా మారుతుందని 1971లో అమెరికా ఆర్థికవేత్త జార్జ్ స్టిగ్లర్ రాశాడు.

మద్యం చూడండి. రాజ్యాంగం 47వ అధికరణం మత్తుపానీయాలను నిషేధించే దిశగా రాజ్యం పనిచేయాలంటుంది. అదే రాజ్యం మద్యానికి టోకు వ్యాపారి. 2025లో రాష్ట్రంలోని 2,620 వైన్స్‌లకు లాటరీ తీసినప్పుడు ఒక్కో దరఖాస్తుకు 3 లక్షలు కట్టించుకుంది, దుకాణం రాకపోతే ఆ డబ్బు తిరిగి రాదు. తాగొద్దని బోర్డు పెట్టేదీ, ఎంత అమ్మారని లెక్క చూసుకునేదీ ఒకే సర్కారు. పూర్తిగా ఆపితే? 1995లో ఉమ్మడి రాష్ట్రంలో ఎన్టీఆర్ మద్యనిషేధం పెట్టారు, 1997లో చంద్రబాబు ఎత్తేశారు. నడుమ దొంగసారా, సరిహద్దు దాటి వచ్చే సీసాలు, ఖజానాకు గండి. అయితే ఆ నిషేధానికి దారి వేసింది 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన ఆడవాళ్ల సారా వ్యతిరేక ఉద్యమం. తాగి వచ్చినవాడి చేతిలో దెబ్బలు తినేవాళ్లకు మద్యం తాగేవాడి సొంత వ్యవహారం కాదు. మిల్ గీత ప్రకారమే చూసినా వాళ్లు హాని పొందిన 'ఇతరులు'.

గుట్కా మీద మన రాష్ట్రంలో ఏటేటా నిషేధం పొడిగిస్తున్నారు. పాన్ డబ్బాలో తెలిసిన ముఖానికి ఇప్పటికీ దొరుకుతుంది, కాకపోతే రేటు పెరుగుతుంది.

ఈ మూడో వాదం పాలకుల చెవికి ఎక్కిన చోటూ ఉంది. 2020 నాటి టీఎస్ బీపాస్ చట్టం ప్రకారం 75 గజాల లోపు స్థలంలో చిన్న ఇల్లు కట్టుకోవడానికి అనుమతి అక్కర్లేదు, రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. అంతకు ముందు ఆ ఇంటికోసం ఎన్ని టేబుళ్లు తిరగాల్సి వచ్చేదో కట్టుకున్నవాళ్లకు తెలుసు. ఒక సంతకం తగ్గితే ఒక లంచం తగ్గుతుందనే మాటకు దీన్ని మించిన రుజువు నాకు కనబడలేదు.

ఏజెన్సీలో భూమి: అమ్ముకునే స్వేచ్ఛ

ఇప్పటిదాకా చూసినవి కొంతవరకు తేలికైనవి. ఏటూరునాగారం దాకా పోతే మూడు వాదాలూ కలిసి కూడా కాస్త తడబడతాయి.

షెడ్యూల్డ్ ప్రాంతంలో ఒక కోయ రైతుకు రోడ్డు పక్కన రెండెకరాలు ఉందనుకుందాం. బిడ్డకు ఆపరేషన్, వెంటనే డబ్బు కావాలి. ఇదే భూమి ఏజెన్సీ బయట ఉంటే కొనేవాళ్లు వరుస కడతారు. ఇక్కడ 1/70 చట్టం ఉంది. 1959 నాటి నిబంధనను 1970లో గట్టిచేశారు. భూమిని గిరిజనుడికి, లేదా గిరిజనుల సహకార సంఘానికే ఇవ్వాలి. గిరిజనేతరుడు తన భూమిని ఇంకో గిరిజనేతరుడికి అమ్మడం కూడా చెల్లదు. కొనగలిగినవాళ్లు తక్కువ కాబట్టి ధర తక్కువ. ఆస్తి ఉంది, అవసరానికి అక్కరకు రాదు. ఇది ఎదిగిన మనిషిని చిన్నపిల్లవాడిలా చూడటం కాదా అని స్వేచ్ఛావాది అడిగితే కొట్టిపారేయడానికి లేదు.

కానీ చట్టం ఊరికే రాలేదు. ఆదిలాబాద్ అడవుల్లో గోండుల భూములు షావుకార్ల అప్పుల కింద, పట్టాల మాయ కింద పోతుంటే, అడవి అధికారులు పోడు నుంచి తరిమేస్తుంటే కొమురం భీం తిరగబడ్డాడు. 1940లో జోడేఘాట్‌లో నిజాం బలగాల కాల్పుల్లో చనిపోయాడు. ఆ తర్వాతే నిజాం సర్కారు మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్‌ను అక్కడి పరిస్థితి చూడమని పంపింది, గిరిజన ప్రాంతాలకు వేరే నిబంధనలు వచ్చాయి. అప్పట్లో భూములు పోయింది బందిపోట్ల చేతిలో కాదు, ఎక్కువగా వేలిముద్ర వేసిన కాగితాల మీద. పైకి చూస్తే అవీ ఇద్దరు మనుషుల ఒప్పందాలే. చదువు, అప్పు, కోర్టు భాష అన్నీ ఒకవైపే ఉన్నప్పుడు ఒప్పందం అనే మాటకు ఎంత విలువ ఇవ్వాలి అన్నది ఇక్కడి అసలు ప్రశ్న. చట్టం ఉన్నా బినామీ పేర్ల మీద భూములు చేతులు మారుతూనే ఉన్నాయి. నిషేధం పనిచేయదనడానికి స్వేచ్ఛావాది దాన్నే చూపిస్తాడు. ఆదివాసీ సంఘాలేమో చట్టాన్ని సరిగా అమలు చేయనందుకే ఇట్లా జరుగుతోందంటాయి. కోయ రైతుకు చవకగా అప్పు ఇచ్చే బ్యాంకు దగ్గర్లో ఉంటే ఈ రెండెకరాల గొడవ సగం తీరేది, కానీ ఆ మాట ఇటువాళ్లూ అటువాళ్లూ తక్కువే ఎత్తుతారు.

సర్కారు తప్పుకుంటే దొర ఉంటాడు

ఐరోపాలో పుట్టిన ఈ ఆలోచనకు భయం రాజు నుంచి. తెలంగాణ పల్లెకు రాజు ఎక్కడో ఉండేవాడు, భయం గడీ నుంచి. వెట్టి చేయించింది, మనిషి చెప్పులు విడిచి నడవాల్సి వచ్చింది దొర ముందు. పాలకుర్తిలో చిట్యాల ఐలమ్మ మల్లంపల్లి దొర దగ్గర కౌలుకు తీసుకున్న భూమి మీద పంట పండిస్తే, ఆ పంటను ఎత్తుకుపోవడానికి విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు వచ్చారు. ఆమెది అక్షరాలా స్వేచ్ఛావాదులు చెప్పే హక్కే: నా ఒప్పందం, నా కష్టం, నా పంట. దాన్ని కాపాడాల్సిన రాజ్యం మాత్రం దొర పక్కన నిలబడింది. గింజలు ఇల్లు చేరింది సంఘం (ఆంధ్ర మహాసభ) వాళ్లు అండగా వచ్చినందుకు.

దీన్ని ఎవరికి వాళ్లు తమవైపు లాక్కోవచ్చు. దేశ్‌ముఖ్‌లు మొదట నిజాంకు శిస్తు వసూలు చేసిపెట్టినవాళ్లు, సర్వేలప్పుడు రైతుల భూములు తమ పేర రాయించుకున్నవాళ్లు, అంటే దొరతనం సర్కారు చేతిలో పుట్టిందే అంటారు స్వేచ్ఛావాదులు. అందులో చాలా నిజం ఉంది. అయితే ఆ దొరతనాన్ని విప్పడానికి మళ్లీ సర్కారే కావాల్సి వచ్చింది. 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారులను గుర్తించి, యజమాని ఇష్టమొచ్చినప్పుడు వాళ్లను వెళ్లగొట్టడానికి వీల్లేదంది. ఆ చట్టం 38-ఇ సెక్షన్ కింద కౌలుదారులకు భూమి హక్కు ఇచ్చిన కాగితాలు ఇప్పటికీ వరంగల్, కరీంనగర్ కోర్టుల్లో తిరుగుతుంటాయి. యజమాని స్వేచ్ఛను అది కచ్చితంగా తగ్గించింది. కౌలుదారు తల ఎత్తుకు తిరిగింది కూడా దానివల్లే. స్వేచ్ఛను ఎవరివైపు నుంచి కొలుస్తున్నామో చెప్పకుండా అది పెరిగిందా, తగ్గిందా అని చెప్పడం ఇక్కడ కుదరదు.

మళ్లీ ఆన్‌లైన్ ఆటల దగ్గరికి

2025 ఆగస్టు చట్టానికి ఈ మూడూ పెట్టి చూద్దాం. హక్కు వాదం అనుకున్నంత సూటిగా తగలదు. ఆ చట్టంలో ఆడినవాడికి శిక్ష లేదు, ఆడించే కంపెనీకే మూడేళ్ల వరకు జైలు, కోటి వరకు జరిమానా. జూదశాల నడిపేవాణ్ని ఆపొచ్చా అన్న ప్రశ్న దగ్గర మిల్ అంతటివాడే తేల్చలేక తటపటాయించాడు. తెలివిడి వాదం ఇక్కడ తలకిందులవుతుంది. తన సంగతి తనకే బాగా తెలుసనేది రైతు విషయంలో నిజం. రాత్రి రెండింటికి రమ్మీ ఆడే కుర్రాడు ఎప్పుడు ఆపాలనుకుంటాడో, ఏ బోనస్ చూపిస్తే ఆగకుండా ఆడతాడో అతనికంటే యాప్‌కే ఎక్కువ తెలుసు. మూడో వాదం మాత్రం నిలుస్తుంది. తెలంగాణ 2017లోనే ఆన్‌లైన్ రమ్మీని ఆపింది, ఆడేవాళ్లు దారులు వెతుక్కున్నారు. ఇప్పుడు ఇక్కడి కంపెనీలు మూతపడితే, ఏ చట్టానికీ చిక్కని విదేశీ బెట్టింగ్ యాప్‌లకు గిరాకీ పెరిగే ప్రమాదం ఉంది.

కంపెనీలు కోర్టుకు తీసుకెళ్లింది వేరే వాదం. ఇష్టమైన వృత్తి, వ్యాపారం చేసుకునే హక్కును రాజ్యాంగం 19(1)(జి) ఇస్తుంది. రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడిన ఆట అని సుప్రీంకోర్టు 1967లోనే సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో చెప్పింది. ఆన్‌లైన్ చట్టం మీద వేర్వేరు హైకోర్టుల్లో పడ్డ పిటిషన్లను 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తన దగ్గరికి బదిలీ చేసుకుంది. క్లబ్బులో బల్ల చుట్టూ కూర్చున్న నలుగురి పేకాటకు ఇచ్చిన ఆ రక్షణ, ఫోన్లో లక్షల మందితో పందెం కట్టించే కంపెనీకి కూడా అందుతుందా అన్నది ఆ కేసుల్లో తేలాలి.